అంగన్‌వాడీ పిల్లలకు ఆటతో అలవాటు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు అంగన్‌వాడీ టీచరుగా చేరావని తెలిసి చాలా సంతోషించాను. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు మంచి అలవాట్లను ఆటల ద్వారా ఎలా నేర్పాలని అడిగావు కనుక, ఆ ఉద్యోగంలోనే తల నెరిసినదానిగా నాకు తెలిసింది రాస్తున్నాను. అలవాటు కావలసిన చోటే, ఆ వేళకే ఆట జరగాలి. పొద్దున చేతుల శుభ్రత మీద పాట పాడించి, మధ్యాహ్నం అన్నం ముందు పిల్లలను హడావిడిగా కుళాయి దగ్గరకు తోలితే, వాళ్ళకు పాట వస్తుంది గాని అలవాటు రాదు.

చేతులు కడగడంతో మొదలుపెట్టు. క్రిములు కంటికి కనిపించవు కనుక ఆ వయసు పిల్లలకు ఎంత చెప్పినా అందదు. ఒక్కొక్కరి అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె, చిటికెడు పసుపు వేసి చేతులంతా పులుముకోమను. వట్టి నీళ్ళతో కడిగితే అది సరిగా వదలదు. అప్పుడు సబ్బుబిళ్ళ అందించు. సున్నం కలిసిన పసుపు పారాణిగా మారినట్టే, సబ్బులోని క్షారం తగలగానే చేతుల మీది పసుపు ఎర్రబారుతుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. నురగ పోయాక వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ, బొటనవేలి మొదట్లో మిగిలిన పసుపును వాళ్ళ చేతనే వెతికించు, ఎందుకంటే పెద్దవాళ్ళు కూడా కడగడం మరిచేది ఆ చోట్లనే. కనీసం 20 సెకన్లు రుద్దాలి కాబట్టి, అంతసేపు సాగే పాటను మీ ఊరి మాటల్లో నువ్వే కట్టుకో. ఎవరు ముందు కడుగుతారన్న పందెం మాత్రం పెట్టవద్దు. గెలవాలన్న తొందరలో వేళ్ళు తడిపి పరుగెత్తుతారు.

తిండి విషయంలో పిల్లలు ఉత్తుత్తి వంట చేసి వడ్డించే మన గుజ్జనగూళ్ళ ఆటను మించిన పాఠం లేదు. బొమ్మకు అన్నం తినిపించే పిల్ల, తనకు ఇంట్లో ఎలా తినిపిస్తున్నారో మనకు చూపిస్తుంది. బెదిరించి తినిపిస్తున్నారో, బుజ్జగించి తినిపిస్తున్నారో అక్కడే తెలిసిపోతుంది. పాత డబ్బాల్లో మెంతులు చల్లించి, మొలిచిన ఆకును వాళ్ళ చేత కోయించి ఆ రోజు పప్పులో వేయించు. ఆకుకూర తింటే చాక్లెట్ ఇస్తానని ఎన్నడూ అనవద్దు. ఆ మాటతో ఆకుకూర కష్టమైనదనీ, చాక్లెట్ గొప్పదనీ మనమే నేర్పినట్టవుతుంది. కొత్త రుచి అలవాటు కావడానికి పదిసార్లయినా పట్టవచ్చు, కాబట్టి ముద్ద వదిలేసిన పిల్లను పక్కపిల్లతో పోల్చకుండా మళ్ళీ వడ్డించు.

పళ్ళు తోమడానికి ముందు పుక్కిలించి ఉమ్మడం రావాలి. పెరట్లో ముగ్గుతో గుండ్రంగా గీసి, నీళ్ళు అందులో పడేలా ఉమ్మమంటే త్వరగా నేర్చుకుంటారు. పేస్టు బఠాణీ గింజంత చాలు. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోతాయిలే అనే తల్లులకు, ఆరేళ్ళ ప్రాంతంలో వాటి వెనకగా వచ్చే దవడపన్ను ఇక ఊడేది కాదని తప్పక చెప్పు.

రోజంతా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించమని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 180 నిమిషాల కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన విషయాన్ని వాళ్ళకు నెమ్మదిగా వివరించి, ఒప్పులకుప్పకూ దాగుడుమూతలకూ వేళ కేటాయించు.

చెప్పిన మాట వినకపోతే సూది వేయిస్తానని పిల్లలను భయపెట్టవద్దు. ఐదేళ్ళు దాటాక డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) బూస్టరు వేయించవలసింది నీ దగ్గరకు వచ్చే పిల్లలకే. భయపెట్టడానికి బదులు బొమ్మకు సూది వేసే ఆట ఆడించు. టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్ వచ్చిన రోజున ఏడుపు బాగా తగ్గుతుంది.

ఈ వారమే చేయవలసిన పని ఒకటుంది. మీ కేంద్రంలో కుళాయి పిల్లలకు అందకపోతే వాళ్ళ ఎత్తుకు తగ్గ పీట మీద నీళ్ళ బకెట్టు, మగ్గు పెట్టించి, సబ్బును వలసంచిలో వేసి పక్కనే కట్టు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ