జర్మనీకి ముగ్గురం ఒకేసారి వెళ్ళొచ్చా అని అడిగిన నర్సుకి

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. మాది భీమవరం దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ చేసి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఐదేళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జీతం 24 వేలు. మా ఆయన మెకానికల్ డిప్లొమా, కార్ల సర్వీస్ సెంటర్లో సూపర్‌వైజర్. బాబుకి మూడేళ్ళు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఆరు లక్షలు కడితే ఎనిమిది నెలల్లో ముగ్గురినీ కలిపి జర్మనీ పంపిస్తామంటున్నారు. మా ఆయన "నేనొచ్చి అక్కడ ఏం చేయాలి" అంటున్నారు. అత్తగారు "పసివాణ్ణి వదిలేసి వెళ్తావా" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:

వెళ్ళండమ్మా. కానీ ఆ కన్సల్టెన్సీ వద్దు, ముగ్గురూ ఒకేసారి అసలు వద్దు. ముందు మీరు ఒక్కరే వెళ్ళాలి, అక్కడ మీ నర్సింగ్ గుర్తింపు చేతికొచ్చి, ఉండటానికి ఇల్లు దొరికాక వాళ్ళిద్దరూ రావాలి. మధ్యలో ఏడాది, ఏడాదిన్నర విడిగా ఉండాల్సి వస్తుంది. బాధే, కాదనను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కొన్నేళ్ళ క్రితం నేనే ఒక జంటకి "విడిగా ఎందుకు, కలిసే వెళ్ళండి, కష్టమో సుఖమో" అని చెప్పాను. ఆమె నర్సు, ఆయన ఇక్కడ పర్మనెంటు ఉద్యోగం మానేసి మరీ ఏదోలా వీసా సంపాదించి వెంటనే వెనకాలే వెళ్ళారు. ఆసుపత్రి ఆమెకి ఇచ్చింది హాస్టల్లో ఒక గది, అందులోకి ఇంకో మనిషిని రానివ్వరు. తెలిసినవాళ్ళ ఇంట్లో పసిపిల్లతో రెండు నెలలు, ఇంకొకరింట్లో నెల. ఆమె పగలు డ్యూటీ, రాత్రి పరీక్షకి చదువు, ఆయనకి భాష రాదు, పని లేదు, చలికాలం, నాలుగున్నరకే చీకటి. ఐదో నెలలో ఆయన పాపని తీసుకుని వెనక్కి వచ్చేశారు. ఆమె పరీక్ష ఒకసారి తప్పింది కూడా. వాళ్ళిద్దరూ ఇప్పుడు బాగానే ఉన్నారు గానీ ఆ ఏడాది గురించి ఆవిడ నాతో ఇప్పటికీ మాట్లాడదు.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. జర్మనీలో నర్సుల కొరత ఎంత ఉందంటే మనుషుల్ని తెచ్చుకునే ఖర్చు ఆసుపత్రులే పెట్టుకుంటున్నాయి. విమానం టికెట్, చాలా చోట్ల భాషా శిక్షణ కూడా వాళ్ళదే. ఏజెన్సీలు సరిగ్గా నడుచుకుంటున్నాయో లేదో చూసి అక్కడి ప్రభుత్వం 'ఫెయిర్ రిక్రూట్‌మెంట్ హెల్త్‌కేర్ జర్మనీ' అనే ముద్ర ఇస్తుంది, అది ఉన్నవాళ్ళు నర్సు దగ్గర రూపాయి తీసుకోకూడదు. జర్మన్ ప్రభుత్వ సంస్థలే నడిపే ట్రిపుల్ విన్ పథకంలో కూడా అంతే. తెలంగాణలో టామ్‌కామ్, మన ఆంధ్రలో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాల కోసమే ఉన్నాయి, ముందు అక్కడ అడగండి, ఈ వారమే. ఇక మన దేశ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోవడానికి లేదు. ఆరు లక్షలంటున్నవాళ్ళని ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్లో వాళ్ళ లైసెన్స్ నంబర్ చూపించమని అడిగి చూడండి, మాట ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది. బంగారం తాకట్టు పెట్టి వెళ్ళిన నర్సుకి అక్కడ మేనేజర్ ఎంత వేధించినా ఉద్యోగం మారే ధైర్యం ఉండదు. వడ్డీ ఇక్కడ పెరుగుతూ ఉంటుంది కదా మరి.

ఎనిమిది నెలలన్నారు కదా, అది కూడా లెక్క వేద్దాం. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే జర్మన్ భాష బీ2 స్థాయి కావాలి. భాషకి ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లు, అందులో బీ1 మూడోది, బీ2 నాలుగోది. బీ1తో వెళ్ళి అక్కడ బీ2 చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమీర్‌పేట బోర్డుల మీద రాసినట్టు మూడు నెలల్లో బీ2 రాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పనిగా చదివినా ఎనిమిది నుంచి పన్నెండు నెలలు, ఐసీయూలో నైట్ డ్యూటీలు చేస్తూ చదివితే ఇంకా ఎక్కువ. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోతె సంస్థ బీ1, బీ2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ వేర్వేరు భాగాలు, ఒకటి పోతే అదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. మనవాళ్ళకి ఎక్కువగా పోయేది వినడం, మాట్లాడటం. వ్యాకరణం బట్టీ కొట్టేస్తాం, ఎదుటి ముసలాయన పళ్ళు లేని నోటితో ఏదో అడిగితే మాత్రం అర్థం కాదు, అసలు పని అక్కడే.

మీరు వెళ్ళగానే మిమ్మల్ని నర్సు అనరు. ఇది ముందే తెలిసి ఉండాలి, లేకపోతే మనసు విరిగిపోతుంది. మీ సర్టిఫికెట్లని మీరు చేరే జర్మన్ రాష్ట్ర అధికారులు వాళ్ళ చదువుతో పోల్చి ఎక్కడెక్కడ తక్కువైందో రాసి ఇస్తారు. ఆ లోటు పూడ్చడానికి పరీక్ష రాయాలి, లేదా కొన్ని నెలల అడాప్టేషన్ కోర్సు చేయాలి. అప్పటిదాకా మీరు సహాయకురాలే. ఐదేళ్ళు వెంటిలేటర్లు చూసుకున్న చేత్తో పేషెంట్లకి స్నానం చేయించాలి, తినిపించాలి, డైపర్లు మార్చాలి. ఇక్కడ ఆయాలో పేషెంటు తాలూకువాళ్ళో చేసే పని అక్కడ నర్సు పనే, గుర్తింపు వచ్చాక కూడా అందులో చాలా భాగం మీదే. అది చిన్నతనం అనుకుంటే జర్మనీ మీకు సరిపడదు, ఇప్పుడే ఆగిపోండి. మలయాళీ అమ్మాయిలు 1960ల నుంచీ వెళ్తున్నారు, వాళ్ళకి ఈ విషయం ఇంట్లో పెద్దమ్మలే చెప్పి పంపిస్తారు, మనకి చెప్పేవాళ్ళు లేరు, అంతే తేడా. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు అది ఆసుపత్రా, వృద్ధుల ఆశ్రమమా అని కూడా చూసుకోండి.

జీతం. వృద్ధుల సంరక్షణ రంగంలో 2025 జూలై నుంచి కనీస వేతనం సహాయకులకి గంటకు 16.10 యూరోలు, గుర్తింపు ఉన్న నర్సుకి 20.50. ఆసుపత్రుల్లో ఒప్పందాల ప్రకారం ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు. సహాయకురాలిగా వారానికి 39 గంటలు చేస్తే నెలకి దాదాపు 2,700 యూరోలు, కోతలన్నీ పోయి చేతికి 1,900కి అటూఇటూ. గది అద్దె, తిండి, ఫోను, ప్రతి ఇంటి నుంచీ రేడియో-టీవీ పేరుతో వసూలు చేసే నెలకి 18.36 యూరోలు, అన్నీ పోను నెలకి 700, 800 మిగలొచ్చు. మన డబ్బులో 70, 80 వేలు. ఇందులో ఇంటికి పంపేది సగమే ఉండాలి, మిగతాది మీ ఫ్లాటు అడ్వాన్సు కోసం దాచాలి. అక్కడ ఇంటి అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, పైగా చాలా ఫ్లాట్లలో వంటగది ఉండదు. అంటే గది ఉంటుంది, సింకు, స్టవ్వు, అలమారలు ఏవీ ఉండవు, పాత కిరాయిదారు ఊడబీక్కుని పోతాడు! మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు. పెద్ద నగరం మీద మోజు పెట్టుకోకండి, మ్యూనిక్‌లో ముగ్గురికి సరిపడే ఇల్లు నర్సు జీతంతో దొరకడం గగనమే, చిన్న ఊరు ఆసుపత్రి ఆఫర్ వస్తే సంతోషంగా తీసుకోండి.

ఇక్కడి నుంచి మీ ఆయనకి చదివి వినిపించండి, కుదిరితే ఫోను ఆయన చేతికే ఇవ్వండి.

బాబూ, "నేనొచ్చి ఏం చేయాలి" అన్నది సరైన ప్రశ్న, దాన్ని మొహమాటం అనుకుని ఎవరైనా కొట్టిపారేస్తే వాళ్ళ మాట వినకండి. నర్సు మొగుడు అనే ఎగతాళి మన ఊళ్ళల్లో ఉంది, భార్య సంపాదన తింటున్నాడనేవాళ్ళు ఉంటారు, తెలుసు. కుటుంబ వీసా మీద వెళ్ళినవారికి అక్కడ ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉంటుంది, విడిగా పర్మిట్ అక్కర్లేదు. హక్కు ఉంది సరే, భాష లేకపోతే ఆ హక్కుతో దొరికేది గోదాముల్లో పెట్టెలు మోసే పనే, 2026 జనవరి నుంచి దేశంలో కనీస వేతనం గంటకు 13.90. తప్పు పనని కాదు, కానీ సూపర్‌వైజర్‌గా ఉన్నవాడు పదేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉండిపోతాడు. భాష బీ1 ఉంటే కథ వేరు. కార్ల మెకానిక్‌లకి అక్కడ గిరాకీ ఉంది, మీ డిప్లొమా, అనుభవం రెండూ చూపించి అక్కడి వృత్తి మండలి దగ్గర గుర్తింపు అడగొచ్చు, అది పూర్తిగా కుదరకపోతే జీతం ఇస్తూ నేర్పించే ఆస్‌బిల్డుంగ్ అనే శిక్షణలో చేరొచ్చు, మూడున్నరేళ్ళు పడుతుంది. ఈ వయసులో మళ్ళీ అప్రెంటిసా అనిపిస్తుంది. అనిపించనీయండి. కాబట్టి ఆవిడ జర్మన్ క్లాసులో చేరిన రోజే మీరూ చేరండి. ఆవిడ ముందు వెళ్ళే ఆ ఏడాదిన్నర మీరు ఖాళీగా ఎదురుచూసే కాలం కాదు, ఇక్కడ జీతం తెచ్చుకుంటూ బీ1 పూర్తి చేసే కాలం. ఉద్యోగం మానకండి. ఇంకొకటి, మన డ్రైవింగ్ లైసెన్స్ అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత వాళ్ళ థియరీ, రోడ్డు పరీక్షలు రెండూ రాయాలి, మెకానిక్ పనికి లైసెన్స్ లేకపోతే కష్టం.

మీ అవసరం ఆ ఇంట్లో ఎంత ఉంటుందో కూడా చెప్తాను. ఆవిడకి ఉదయం షిఫ్టు అంటే ఆరింటికి ఆసుపత్రిలో ఉండాలి. కిండర్‌గార్టెన్ తెరిచేది ఏడింటికి. మధ్యాహ్నం షిఫ్టు అయితే రాత్రి తొమ్మిదిన్నర దాకా రాదు, బడి నాలుగింటికో ఐదింటికో మూసేస్తారు. అమ్మమ్మ, నానమ్మ, పక్కింటి పిన్నిగారు ఎవరూ లేని ఊళ్ళో ఆ రెండు ఖాళీలూ మీరే పూడ్చాలి. అందుకే మీరు వెతుక్కునే పని షిఫ్టులది కాకుండా పగటిపూటదై ఉండాలి. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ కిండర్‌గార్టెన్‌లో చోటు ఇవ్వాలని అక్కడ చట్టం ఉంది గానీ సీట్లు చాలక వెయిటింగ్ లిస్టులు ఉంటాయి, ఇల్లు దొరికిన రోజే బాబు పేరు రాయించేయాలి. పిల్లవాడు అక్కడ ఉంటే నెలకి 259 యూరోలు పిల్లల భత్యం వస్తుంది. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ రాదు. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఆవిడ ఉంటే, మీకు సంపాదన లేనంతవరకూ మీరూ, బాబూ అదే బీమాలో ఉచితంగా ఉంటారు.

సరే, మళ్ళీ మీకే చెప్తున్నానమ్మా. కాగితాలు ఈ రోజే మొదలుపెట్టండి. మన తెలుగువాళ్ళ పేర్ల గొడవ మీకు తెలియనిది కాదు, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా, పెళ్ళయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు. అన్నీ ఒకటి చేయండి. మీ పెళ్ళి రిజిస్టర్ అయిందా? గుళ్ళో పెళ్ళి, ఫోటో ఆల్బమ్ వీసాకి చాలవు. బాబు జనన ధ్రువపత్రంలో మీ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పత్రాలు విదేశాల్లో చెల్లడానికి మన ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్రని జర్మనీ ఒప్పుకోదు, కావాలంటే పత్రాలు వాళ్ళే విచారణ చేయించుకుంటారు, దానికే నెలలు పడుతుంది. ఒక్క అక్షరం తేడా దగ్గర ఒక కుటుంబం ఫైలు ఆగిపోవడం నేను చూశాను.

ఒప్పందంలో బాండు పేజీ తప్పక చదవండి. రెండేళ్ళలోనో మూడేళ్ళలోనో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలని కొందరు రాస్తారు. ఎంత, నెలనెలా తగ్గుతుందా, పరీక్ష తప్పితే ఏంటి, ఈ మూడూ ముందే రాతపూర్వకంగా అడగండి. "అవన్నీ మామూలే మేడమ్" అంటే సంతకం పెట్టొద్దు.

యూకే ఎందుకు కాదని మీరు అడగలేదు గానీ బంధువులెవరో అడుగుతారు. అక్కడ కేర్ వర్కర్ (వృద్ధుల్నీ రోగుల్నీ చూసుకునే సహాయకుల) వీసా మీద వెళ్ళేవారు కుటుంబాన్ని తీసుకెళ్ళడం 2024 మార్చిలోనే ఆపేశారు, 2025 జూలైలో బయటి దేశాల నుంచి ఆ ఉద్యోగాలకి తీసుకోవడమే ఆపేశారు. రిజిస్టర్డ్ నర్సు దారి ఉంది, ఇంగ్లీషు పరీక్షలో మంచి స్కోరు ఉంటే అదీ చూడొచ్చు. కేర్ హోమ్ స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని ఇంకా ఎవరైనా డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి.

అత్తగారి మాట. ఆవిడ మీ మీద కోపంతో అన్నారనుకోకండి, మనవణ్ణి ఏడాదిన్నర పెంచాల్సింది ఆవిడే కదా, భయం ఉంటుంది. ఆవిడకి కావాల్సింది తేదీ. "ఫలానా నెలలో పరీక్ష, పాసైన మూడు నెలల్లో ఇల్లు, తర్వాత వీసా, లేటైతే ఈ నెల" అని క్యాలెండర్ మీద రాసి చూపించండి. వెళ్ళిన పది నెలలకి సెలవు పెట్టి ఒకసారి రావడానికి టికెట్ డబ్బు విడిగా దాచండి, దాన్ని ఏ అవసరానికీ ముట్టుకోవద్దు.

బాబు సంగతి మాత్రం నేను చెప్పి తగ్గించగలిగేది కాదు. మూడేళ్ళ పిల్లాడు మొదటి రెండు వారాలు ఫోన్ దగ్గరికి వస్తాడు, తర్వాత ఆటల్లో పడి రాడు, మీరు ఏడుస్తారు. ఒక్క పని చేయొచ్చు. వేసవిలో జర్మనీ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. ఉదయం షిఫ్టు రెండింటికి అయిపోతే ఇక్కడ సాయంత్రం ఐదున్నరో ఆరున్నరో, వాడు అన్నం తినే ముందు. మధ్యాహ్నం షిఫ్టు అయితే మీరు బయటికొచ్చేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. చేరిన మొదటి వారంలోనే వార్డు ఇన్‌ఛార్జితో మూడేళ్ళ కొడుకున్నాడని చెప్పి, వీలైనన్ని ఉదయం షిఫ్టులు వేయమని అడగండి. ఆ వాక్యం జర్మన్‌లో ఎలా చెప్పాలో ఇక్కడుండగానే నేర్చుకోండి.