అమ్మడూ, నెగెటివ్ అని రాసే ముందు

అమ్మడూ,

మలేరియా స్లైడ్ చూసి పట్టేసే సాఫ్ట్‌వేర్ చేస్తున్నావంట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ముప్ఫై ఏళ్ళు మైక్రోస్కోపులోకి చూసి చూసి కళ్ళద్దాల నంబరు పెంచుకున్న మావయ్యకి ముందు చెప్పాలనిపించలా నీకు? సర్లే, కోపం కాదు, రాత్రి నిద్ర పట్టలా, సగం సంతోషం సగం భయం.

పల్చటి స్మియర్‌కి, అదే గాజు మీద పూసిన రక్తపు పూతకి, మెథనాల్ పెట్టాలి, మందపాటిదానికి తగలనివ్వకూడదు, ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నువ్వు దానికి నేర్పిస్తున్న 27,558 బొమ్మలు బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ ఆస్పత్రి స్లైడ్లవంట, ఒక్కో కణం కత్తిరించి పెట్టినవి, సగం జబ్బువి సగం మంచివి. మనకి అలా ఎక్కడొస్తాయి తల్లీ? మందపాటి స్మియర్‌లో ఎర్రకణాలు పగిలిపోయి కనపడనే కనపడవు. రంగు నలుసుల్నీ, ఎర్రకణం మీదెక్కి కూర్చున్న ప్లేట్‌లెట్లనీ చూసి మొదటి ఏడాది నేనే ఎన్నిసార్లు మోసపోయానో.

అసలు సంగతి ఇది, మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలా. పాడేరు వైపు ఉన్నప్పుడు, వానాకాలం, జ్వరాల సీజను, సాయంత్రమైనా ట్రేలో ఇంకా నలభై స్లైడ్లు, ఆఖరి జీపేమో ఐదింటికి. నూనె చుక్కేసి 100 ఫీల్డులు, అంటే మైక్రోస్కోపులో ఒక్కోసారి కనపడేంత మేర, చూడాలి, నేను ముప్ఫై చూసి, ఏం లేదని, రిజిస్టర్లో నెగెటివ్ అని రాసేసి జీపెక్కేశా. ఏడేళ్ళ పిల్లాడిది. మూడోరోజు ఫిట్స్‌తో డోలీలో మోసుకొచ్చారు. అదే స్లైడ్ మళ్ళీ పెడితే నలభై దాటాక ఒక సన్నటి ఉంగరం, దానిమీద రాయి పొదిగినట్టు ఎర్రటి చుక్క, పక్క ఫీల్డులో ఇంకోటి. ఫాల్సిపారం, ప్రాణాలు తీసే రకం మలేరియా క్రిమి. దాంట్లో ముదిరినవి లోపల సన్న రక్తనాళాలకి అతుక్కుని దాక్కుంటాయి, వేలి రక్తంలోకి ఎక్కువగా లేతవే వస్తాయి, స్లైడ్‌లో తక్కువుంటే ఒంట్లో తక్కువున్నట్టు కాదు. ఇదంతా నాకు తెలుసు, తెలిసే జీపెక్కా.

పిల్లాడు బతికాడు. కుడికాలు ఈడుస్తూ నడిచేవాడు. సంతలో కనపడితే వాళ్ళ నాన్న నాకు దండం పెట్టేవాడు, నేనే కాపాడాననుకుని.

అందుకే చెప్తున్నా, నీ మెషిన్ ఎన్ని ఫీల్డులు చూసిందో రిపోర్టులో రాయాలి, స్లైడ్ బాగోకపోతే నెగెటివ్ అనకుండా మళ్ళీ తీయమనాలి. నూటికి ఇంత కరెక్ట్ వచ్చిందని మురిసిపోకుండా తప్పినవి ఒక్కొక్కటీ తెరిచి చూడు. వేళకి తిను కూడా, మీ అమ్మ చిక్కిపోయావంటోంది.

దసరాకి లాప్‌టాప్ తెచ్చుకో. నా దగ్గర పాత స్లైడ్లు ఓ పెట్టెడున్నాయి, మన దగ్గర మలేరియా స్లైడ్లకి వేసే జేఎస్‌బీ రంగువి, నీ మెషిన్ చూసుండదు. నెగెటివ్‌లు కూడా కలిపేసి ఇస్తా, ఏది ఏదో మాత్రం చెప్పను.

మీ మావయ్య