సింగపూర్‌కి డబ్బు ఎలా పట్టుకెళ్లాలి?

ప్రశ్న: నేనూ మావారూ వచ్చే నెల మొదటిసారి విదేశం వెళ్తున్నాం. సింగపూర్, ఐదు రాత్రుల ప్యాకేజీ. విమానం, హోటల్, పొద్దున టిఫిను, చూసే చోట్ల టికెట్లు అన్నీ అందులోనే. పై ఖర్చులకి లక్ష రూపాయలు అనుకున్నాం. మా మరిది మొత్తం అమెరికన్ డాలర్లు కొనేయమంటున్నాడు. మా అబ్బాయి నోట్లే వద్దు, కార్డు చాలంటున్నాడు. మావారేమో రూపాయలే తీసుకెళ్లి అక్కడ మార్చుకుందాం అంటున్నారు. డబ్బు ఎక్కడ పోతుందోనని నాకు ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా మీ మరిదిగారి సలహా పక్కన పెట్టండమ్మా. రూపాయలిచ్చి అమెరికన్ డాలర్లు కొని, వాటిని అక్కడ మళ్లీ సింగపూర్ డాలర్లుగా మారిస్తే మార్పిడి రెండుసార్లు, నష్టమూ రెండుసార్లు. సింగపూర్ డాలర్లు మన ఊళ్లోనే కొనుక్కోవచ్చు.

నేనైతే పాతిక ముప్పై వేలకి నోట్లు తీసుకుని, మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే విదేశీ డబ్బు నింపుకుని వాడే కార్డులో, వేయిస్తాను. నోట్లు ఎందుకంటే, అక్కడ హాకర్ సెంటర్లని ఉంటాయి, ఒకే కప్పు కింద వరసగా తిండి దుకాణాలు, చవగ్గా కడుపు నిండేది అక్కడే, వాటిలో కొన్ని మన కార్డులు తీసుకోవు. 2, 5, 10 డాలర్ల నోట్లు ఎక్కువ ఇమ్మని అడగండి.

నోట్లు కొనడం విమానాశ్రయం దాకా వాయిదా వేయొద్దు, అక్కడ రేటు బాగా ఎక్కువ. రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ల దగ్గరకో మీ బ్యాంకుకో పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్ పట్టుకుని వెళ్లండి. బోర్డు మీద రేటు చూసి సంబరపడకండి, "400 సింగపూర్ డాలర్లకి జీఎస్టీ, చార్జీలు అన్నీ కలిపి నేనెంత కట్టాలి?" అని రెండు మూడు చోట్ల ఇదే ప్రశ్న అడగండి, తేడా మీకే తెలుస్తుంది. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి. తెలిసినవాళ్లెవరో రెండు రూపాయలు తక్కువకిస్తామంటే దయచేసి వినొద్దు, చట్టప్రకారం అది తప్పు, పైగా దొంగనోటు వస్తే అడగడానికి మనిషి ఉండడు.

ఇక కార్డు. మీ ఇద్దరికీ చెరొకటి తీసుకోండి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది, పైగా అక్కడి మెట్రోలో ఎవరి కార్డు వాళ్లే తాకించాలి, ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. మామూలు క్రెడిట్ కార్డు కూడా ఒకటి వెంట ఉంచుకోండి, దాన్ని విదేశాల్లో పనిచేసేలా బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి, 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. హోటల్లో దిగగానే డిపాజిట్ అని కొంత మొత్తం ఆపి ఉంచుతారు, దానికి క్రెడిట్ కార్డే ఇవ్వండి. ఫారెక్స్ కార్డు ఇస్తే ఆ డబ్బు తిరిగి వచ్చేసరికి మీరు ఇంటికి వచ్చేసి ఉంటారు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నోట్లు మాత్రం తీయకండి, తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇదీ. దుకాణంలో కార్డు పెట్టగానే మెషిన్ "రూపాయల్లో కడతారా, సింగపూర్ డాలర్లలోనా?" అని అడగొచ్చు. రూపాయలు కనిపిస్తే మనకి సొంతూరి మనిషి కనిపించినట్టు ఉంటుంది, నేనూ మొదటిసారి అదే నొక్కాను, వాళ్లేసిన రేటు చూశాక బాధేసింది. ఎప్పుడూ సింగపూర్ డాలర్లే నొక్కండి. సేల్స్‌మన్ తనే నొక్కేస్తుంటే ఆపి అడగండి, మొహమాటపడొద్దు.

మీవారి మాటా కొట్టిపారేయలేం. మనిషికి 25,000 రూపాయల దాకా మన నోట్లు పట్టుకెళ్లొచ్చు, అక్కడి లిటిల్ ఇండియాలో వాటిని మార్చేవాళ్లూ ఉన్నారు. కానీ ఆధారపడాల్సింది దాని మీద కాదు, ఓ ఐదు వేలుంచుకోండి చాలు, తిరిగొచ్చాక ఇంటికి చేరడానికీ పనికొస్తాయి.

పోతుందన్న భయానికి మన పెద్దవాళ్లు కాశీకి వెళ్లేటప్పుడు చేసిన పనే మందు. కొంత ఆయన లోజేబులో, కొంత మీరు రొంటిన దోపుకునే చిన్న సంచిలో, మిగతాది హోటల్ గది లాకర్లో. రోజుకి కావాల్సినదే బయటికి తీయండి. విమానంలో వేసేసే పెద్ద పెట్టెలో రూపాయి కూడా పెట్టకండి. కార్డు పోతే ఫోన్ చెయ్యాల్సిన బ్యాంకు నంబరు ఇద్దరూ కాగితం మీద రాసి ఉంచుకోండి.

మరో మాట, పెద్ద రెస్టారెంట్లలో మెనూలో ఉన్న ధర మీద 9 శాతం పన్ను, సాధారణంగా 10 శాతం సర్వీసు చార్జీ పడతాయి, లెక్క వేసుకుని ఆర్డరివ్వండి. మిగిలిన నోట్లు ఇక్కడికొచ్చాక అమ్మేయొచ్చు. నాణేలు మాత్రం ఇక్కడెవరూ మార్చరు, చివరి రోజు చాంగీ విమానాశ్రయంలో కాఫీకి ఇచ్చేయండి.