ఎఫ్‌ఎస్800 ఉంచుకోండి

యమహా గిటార్లు ఎఫ్‌జీ800 (పెద్దది), ఎఫ్‌ఎస్800 (చిన్నది) రెండింటిలో ఒకటే ఉంచుకోవాలని, ఇంట్లో పాడుతూ వాయిస్తానని, పెద్ద గిటారుతో భుజం నొప్పి వస్తోందని రాశారు. అయితే ఎఫ్‌ఎస్ ఉంచండి. రెండింటి పైపలకా అసలైన స్ప్రూస్ చెక్కే కాబట్టి అక్కడ తేడా వెతకవద్దు. తేడా అంతా ఆకారంలో, తీగ పొడవులో ఉంది: ఎఫ్‌జీకి 650 మిల్లీమీటర్లు, ఎఫ్‌ఎస్‌కు 634. అవే తీగలు అదే శ్రుతిలో ఉన్నప్పుడు పొట్టి స్కేలులో, అంటే తీగ పొడవు తక్కువైతే, బిగువు తగ్గుతుంది, ఒక వేలిని అడ్డంగా పెట్టి పలు తీగలను ఒకేసారి నొక్కే బారే కార్డులు వేళ్లకు లొంగుతాయి. ఎఫ్‌జీ మంద్రస్వరాల గాంభీర్యం నాకూ ఎంతో ఇష్టం, కానీ మెల్లగా పాడే గొంతును అది కప్పేస్తుంది.

అమ్మే ముందు రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేసి తప్పకుండా వినండి. పాత తీగల మందకొడి మోతను చాలామంది గిటారు లోపం అనుకుంటారు. తీగలు ఎత్తుగా ఉన్నాయని మాత్రం దేన్నీ వదులుకోకండి, శాడిల్‌ను, అంటే బ్రిడ్జిపై తీగలు ఆనే సన్నని పట్టీని, అరగదీయిస్తే సాధారణంగా సరిపోతుంది.