సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్న మా బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. పాపతో తిరగడానికి సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు చూస్తున్నారని మీ నాన్న చెప్పాడు. మంచి ఆలోచన. కొత్త కారు ధర మొదటి రెండు మూడేళ్లలోనే బాగా పడిపోతుంది. ఆ నష్టమేదో వేరేవాళ్లు భరించాక మనం కొనుక్కోవచ్చు.

ఏ కంపెనీది మంచిదని అడిగావట. వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, గ్రాండ్ ఐ10 లాంటివైతే ఏ ఊళ్లో ఆగినా పార్టు దొరుకుతుంది, చేసే మెకానిక్ దొరుకుతాడు. అంతకుమించి కంపెనీ గురించి బుర్ర పాడు చేసుకోకు. ఒకే మోడల్‌వి రెండు బండ్లుంటే ఒకటి ఏళ్ల తరబడి నడుస్తుంది, రెండోది ఆర్నెల్లకే షెడ్డు చుట్టూ తిప్పుతుంది. తేడా అంతా ముందు వాడినవాళ్లలోనే ఉంటుంది. అందుకే మోడల్ కన్నా ఆ బండి ఏం చూసి వచ్చిందో తెలుసుకో.

పాప ఉంది కాబట్టి 2019 జులై తర్వాత తయారైనదే చూడు. అప్పటి నుంచే ప్రతి కొత్త కారుకీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఆ ఏడాది ఏప్రిల్ నుంచే వచ్చింది. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్ ఖాయంగా ఉండాలంటే 2022, ఆ తర్వాతవి చూడాలి. ధర కాస్త తగ్గుతుందని ఇందులో మాత్రం రాజీ పడకు.

మన విజయవాడలో కొంటున్నావు కనుక నాకు అన్నిటికంటే పెద్ద భయం మునిగిన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, కార్లు ఎలా మునిగాయో మనందరం చూశాం. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్, అంటే బాగు చేయించడం దండగని, రాసేసిన బండ్లు వేలంలో అమ్ముడవుతాయి. వాటిని కొన్నవాళ్లు శుభ్రం చేయించి మళ్లీ అమ్మకానికి పెడతారు. పైకి తళతళలాడుతుంటాయి. రోగమంతా వైరింగ్‌లో ఉంటుంది. కనెక్టర్లలోకి దూరిన తడి మెల్లగా తుప్పు పట్టిస్తుంది. ఒకరోజు పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది, ఇంకోరోజు సెల్ఫ్ తీసుకోదు. లోపం ఎక్కడుందో పట్టుకోవడం మంచి ఎలక్ట్రీషియన్‌కీ కష్టమే.

మా మెకానిక్ షెడ్డుకి అలాంటిదొకటి చూపించడానికి తెచ్చారు. సీటు కవర్లు కొత్తవి, మ్యాట్లు కొత్తవి, లోపలంతా సెంటు వాసన. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని ఆఖరి దాకా లాగాను. మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మేర ఎండిన బురద గీత ఉంది. సీటు వెనక్కి జరిపితే కింద పట్టాలకి తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీస్తే ఆ గుంటలో మెత్తటి ఒండ్రు. తెచ్చిన బ్రోకర్ ఇంకేం మాట్లాడకుండా తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఈ మూడూ చూడ్డానికి మెకానిక్ అక్కర్లేదమ్మా, నువ్వే చూడగలవు. ఏసీ వేసి బూజు వాసన వస్తుందేమో కూడా గమనించు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తామని మర్యాదగా చెప్పి వచ్చెయ్యి. చల్లటి ఇంజిన్ మొదటిసారి తిరిగినప్పుడే చప్పుడూ పొగా బయటపడతాయి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ లోపలికి దిగుతోందేమోనని అనుమానించాలి.

బానెట్, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) బోల్టుల మీద పెయింట్ ఊడి ఉంటే అక్కడ స్పానర్ పడిందని అర్థం. ఎందుకు విప్పారో అడుగు. చిన్న సొట్టకి టింకరింగ్ చేయించి ఉంటే ఫర్వాలేదు, మన రోడ్ల మీద గీత పడని బండి ఉండదు. దెబ్బ ఛాసిస్ దాకా, అంటే బండి అసలు చట్రం దాకా, వెళ్లిందా అన్నదే ముఖ్యం. అది మాత్రం మెకానిక్‌కే చూపించాలి.

తక్కువ తిరిగిందని మురిసిపోకు. మీటరు వెనక్కి తిప్పేవాళ్లున్నారు. సర్వీస్ సెంటర్ రికార్డు అడిగితే ఏ తేదీకి ఎంత తిరిగిందో తెలుస్తుంది. మీటర్ ముప్పై వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే నమ్మొద్దు.

కాగితాల్లో, ఆర్‌సీ మీద బ్యాంకు పేరుంటే లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీ నుంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. బండి నీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద ఓనరు సంతకాలు నీ ఎదురుగానే పెట్టించు. పేరు మార్పుకి 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, ఇన్సూరెన్స్ నీ పేరుకి మార్చుకోవడానికి 14 రోజుల్లో. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరుకి ప్రీమియంలో దొరికిన తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, నీకు రాదు, ఆ తేడా కట్టాల్సి వస్తుంది.

హైదరాబాద్‌లో చవగ్గా వస్తుందని అల్లుడు అంటున్నాడట. అక్కడి బండి ఇక్కడ శాశ్వతంగా తిప్పాలంటే ఆర్టీవో ఎన్‌వోసీ తెచ్చుకుని మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క కలిపాకే చవకో కాదో చెప్పమను. ఢిల్లీ నుంచి తెచ్చే పాత డీజిల్ బండ్ల జోలికి అసలు పోవద్దు.

నచ్చిన బండి నంబరు ముందుగా నాకు వాట్సాప్ చెయ్యి, చలాన్లు, ఇన్సూరెన్స్ నేను చూస్తాను. నేను వచ్చి నడిపి చూసేదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకు. ఆదివారం పొద్దున్నయితే ఎప్పుడైనా వస్తాను.

మీ పెదనాన్న