స్టేషన్‌ను కొత్తగా కట్టేటప్పుడు ముందు పట్టాలు దాటే దారి చూడాలి

రైల్వే స్టేషన్‌ను కొత్తగా కడితే చుట్టుపక్కల ప్రాంతం నిజంగా బాగుపడుతుందా అన్నది ప్రశ్న. పట్టాలకు ఇరువైపులా ఉన్న ఊరిని కలిపితేనే బాగుపడుతుంది. ఎన్ని అంతస్తులు లేపారు, ఎన్ని దుకాణాలు అద్దెకిచ్చారు అన్నది నా దృష్టిలో తర్వాతి సంగతి.

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మతో కలిసి, ఇలా పునర్నిర్మించిన ఒక స్టేషన్‌లో దిగాను. మేము వెళ్లవలసిన వీధి పట్టాలకు అవతల, కంటికి కనిపించేంత దగ్గరలో ఉంది. పూర్వం ప్లాట్‌ఫారం చివర నుంచి నేరుగా ఆ వీధిలోకి దిగే వంతెన ఉండేది. దాన్ని తొలగించి, అందరూ పై అంతస్తులోని దుకాణాల మధ్య నుంచే బయటికి వెళ్లేలా దారి మళ్లించారు. ఎస్కలేటర్ పైకి మాత్రమే నడుస్తోంది. లిఫ్టు ఎక్కడుందో చెప్పే చిన్న బోర్డు పెద్ద ప్రకటన పక్కన మరుగున పడిపోయింది. అమ్మ ఒక చేత్తో రెయిలింగు, మరో చేత్తో నా భుజం పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. మధ్యలో కాసేపు కూర్చుందామంటే, ఏదో ఒకటి కొన్నవాళ్ల కోసం వేసిన కుర్చీలు తప్ప ఒక్క బెంచీ లేదు. ప్రయాణికుడికి కూర్చునే చోటు లేకుండా చేసే ఈ పద్ధతిని నేను ఎప్పటికీ ఒప్పుకోను.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరం ఇదే తప్పు చేసి, దిద్దుకుంది. 1973లో ప్రారంభమైన హోగ్ కాతరైనె అనే వాణిజ్య సముదాయం అక్కడి స్టేషన్‌ను తనలో కలిపేసుకుంది. ఆ తర్వాత రెండింటి మధ్య బహిరంగ స్థలాన్ని తెరిచి, దాని కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్‌ను 2019 నాటికి పూర్తి చేశారు; రోడ్డు కోసం పూడ్చేసిన పాత కాలువలోకి 2020లో మళ్లీ నీళ్లు పారించారు. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ కింద 2015లో తెరిచిన సొరంగ మార్గం గుండా, టికెట్ లేనివారు సైతం నడిచో సైకిల్ మీదో నగరం వైపు నుంచి వెనకనున్న ఫెర్రీ రేవుకు చేరుకోవచ్చు.

దుకాణాలు లేకపోతే నిర్మాణానికి డబ్బెక్కడిదని అధికారులు అంటారు. లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్ వెనకనున్న 67 ఎకరాల్లోనూ కార్యాలయాలు, ఇళ్లు, దుకాణాలు వచ్చాయి. అయినా స్టేషన్ ముందున్న 1970ల నాటి హాలును తొలగించి, ఆ జాగాను 2013లో జనం కోసం ఖాళీ మైదానంగా వదిలారు.

అందుకే నమూనా చిత్రాలను ప్రదర్శనకు పెట్టినప్పుడు అద్దాల కప్పు అందం చూస్తూ ఉండిపోకుండా, టికెట్ గేట్ల బయట నుంచి రాత్రంతా తెరిచి ఉండే దారినీ, మెట్లు అవసరం లేని ర్యాంపునూ గీశారో లేదో చూడండి. లేకపోతే అప్పుడే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. పునాదులు పడ్డాక వంతెన కావాలని అడిగితే, దానికి స్తంభం వేసే చోటు కూడా మిగలదు.