రామప్ప కట్ట మీద ఒక పూట

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా మనసులోంచి పోతలేదు. "పెద్దమ్మా, రోజూ దీపం పెడుతున్నా, దండం పెట్టేటప్పుడు కూడా ఆఫీసే గుర్తొస్తోంది. దేవుడు ఇంత ఇచ్చాడని తెలుసు, లోపల మాత్రం ఏమీ అనిపించట్లేదు" అన్నావు. నీ భక్తికేం కాలేదు బిడ్డా. అలిసిపోయావు, అంతే. అలిసిన నోటికి అన్నం రుచే తెలియదు, దేవుడి దయ ఎట్లా తెలుస్తుంది? బతుకమ్మకు వచ్చినప్పుడు కూడా ఒక చేత్తో తంగేడు పువ్వు పేరుస్తూ ఇంకో చేత్తో ఫోన్ చూసుకున్నావు. నాకు కోపం రాలేదు, బాధేసింది.

ఒక రోజు సెలవు పెట్టి రా. శని, ఆదివారాలు వద్దు, కార్తీక సోమవారం అసలే వద్దు. హన్మకొండ నుంచి పొద్దున్నే ములుగు దిక్కు పోయే బస్సెక్కి, జంగాలపల్లి దగ్గర దిగి, అక్కడి నుంచి పాలంపేటకు పోదాం. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి చూసేవాళ్లు పెరిగారు. నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలే ఇటుకలు, రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన కథ, అన్నీ ఇంకోసారి తీరిగ్గా విందువు. ఈసారి స్వామికి దండం పెట్టు, ఏమీ కోరకు, బయటికి రా. మనం పోయేది చెరువు కట్ట మీదికి.

ఎందుకు చెబుతున్నానంటే, మీ పెద్దబాపుకు గుండె ఆపరేషన్ అయిన ఏడాది నేను మొక్కని దేవుడు లేడు. ఆయన ఇంటికి రాగానే ఒక్కో మొక్కూ తీర్చుకుంటూ తిరిగాను. ఐనవోలు మల్లన్న, యాదగిరిగుట్ట, మన కట్ట మైసమ్మ. అప్పులోళ్లకు బాకీ కట్టినట్టే కట్టాను గానీ, ఒక్కచోట కూడా కళ్లు చెమ్మగిల్లలేదు. చివరికి రామప్పకు పోయాం. దర్శనం అయ్యాక ఆయన నడవలేనన్నాడు. కట్ట మీద చెట్టు కింద తువ్వాల పరిస్తే పడుకుని నిద్రపోయాడు. చేసే పనేం లేక నేను పక్కన కూర్చున్నా. అంగీ గుండీల మధ్య నుంచి ఆ కుట్ల గీత కనబడుతోంది. ఛాతీ పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. నీళ్ల మీది గాలి వచ్చినప్పుడల్లా అంగీ అంచు కదులుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. "స్వామీ, ఉంచావు" అన్నాను. అన్ని గుళ్లు తిరిగినా నోటికి రాని మాట, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చింది.

అందుకే నిన్ను కూర్చోమంటున్నా. మొదటి అరగంట కష్టంగానే ఉంటుంది, ముందే చెబుతున్నా. ఫోన్ మోగినట్టే అనిపిస్తుంది, రేపటి మీటింగ్ గుర్తొచ్చి టెన్షన్ అవుతుంది. రానీ. దాంతో కొట్లాడకు, మంత్రం చదివి మనసును అణచాలని చూడకు. చెప్పులు విప్పి కాళ్లు చాపుకో. నీటికాకి మునిగి లేచి, ఏ మొద్దు మీదనో రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. అది ఎగిరిపోయేదాకా దాన్నే చూడు. ఫోటో తీయకు. నిద్రొస్తే మాత్రం ఆపుకోకు, పడుకో. నిద్ర కూడా ఆ దేవుడు ఇచ్చిందే.

ఆకలైనప్పుడు సద్ది విప్పుదాం. పెరుగన్నం, మామిడికాయ తొక్కు, నీకిష్టమని నువ్వుల పొడి. సంచి మూతి గట్టిగా కట్టాలి, గుడి దగ్గర కోతులతో వేగలేం. తినేటప్పుడు కట్ట కింది పొలాల దిక్కు చూడు, ఇప్పుడు వరి కోతల కాలం. ఈ చెరువు కూడా గుడి కాలం నాటిదే. మట్టి తట్టలు మోసినోళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. 800 ఏళ్ల కింద వాళ్లు కట్ట పోస్తే, ఇప్పటికీ తూము తీస్తే నీళ్లు మడికి పోతున్నాయి. వాన దేవుడిది, చెమట వాళ్లది, ముద్ద మాత్రం మన నోట్లోకి వచ్చింది. నాకైతే అక్కడ ప్రతి ముద్దకూ దండం పెట్టబుద్ధవుతుంది. నీకు ఆ రోజే అట్లా అనిపించకపోయినా దిగులుపడకు. మళ్లీ నెల ఇంకోసారి పోదాం.

ఎప్పుడొస్తావో ఒకరోజు ముందు చెప్పు బిడ్డా, పాలు తోడేసి పెడతా.

మీ పెద్దమ్మ